గీకేసిన అక్షరాలు

"తినే బల్ల మీదే పెట్టాలా అత్తా దాన్ని?"

"మరెక్కడ పెట్టమంటావు? మేరీమాత పటం ముందు పెట్టి కొవ్వొత్తి వెలిగించమంటావా?" అంది దోన్యా పెత్రోనా.

ఎలియేసర్ తన పళ్ళెం కొంచెం వెనక్కి లాక్కున్నాడు.

కాలిన వైరు బల్ల మధ్యలో చుట్ట చుట్టుకుని పడి ఉంది. సగం దాకా బాగానే ఉంది. అక్కణ్ణుంచి పైతొడుగు కరిగి, బుడగలు లేచి, మళ్ళీ గట్టిపడి కుళ్ళిన పేగులా తయారయింది. దాని చుట్టూ పళ్ళేల్లో ఉడికించిన మొక్కజొన్న ముద్దలు, ఆ బొయ్యోలు, ఉప్పు జున్ను పెట్టినవి పెట్టినట్టే చల్లారిపోతున్నాయి. సోమవారం పొద్దున ఆ ఇంట్లో జున్ను మిగలడం ఎలియేసర్ తన ఇరవయ్యారేళ్ళ ఇల్లరికంలో ఎన్నడూ చూడలేదు.

బల్లకి అవతల విల్మాన్ కూర్చున్నాడు. అత్తగారి కడగొట్టు కొడుకు. ఇంటి పీకో మీద, ఆ వీధి పాటల పెట్టె మీద, రికార్డులు వేసేది అతనే. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు ఉంది. కరిగిన తొడుగు అరచేతికి అంటుకుపోతే, నిన్న ఆసుపత్రిలో చర్మంతో సహా ఊడదీశారు.

"నిన్న వీధి వీధంతా చూసింది," అంది ముసలామె. "పాట మంచి ఊపులో ఉంది. జనం ఆడుతున్నారు. ఉన్నట్టుండి పెట్టె వెనక పొగ. చూస్తుండగానే పులి మొహానికి మంట. నలభయ్యేళ్ళుగా ఈ పీకో నడుపుతున్నాం. వానలో నడిపాం, వరదలో నడిపాం. మీ మామ శవం ఇంట్లో ఉండగా ఆయన కోరుకున్నాడని అప్పుడూ నడిపాం. ఏనాడూ పులి మొహం కాలలేదు."

"నా చెయ్యి కూడా కాలిందమ్మా. పులి తర్వాతైనా దాని ఊసెత్తు," అన్నాడు విల్మాన్.

"నీ చెయ్యి మానుతుంది. పులి మొహం మానుతుందా?"

కిటికీలోంచి పెరడు కనబడుతోంది. గోడకి ఆనించి చెవిటి పులి నిలబడి ఉంది. మనిషికి రెండింతల ఎత్తు స్పీకర్ పెట్టె. ముందు గుడ్డ మీద గులాబీ, పచ్చ, నారింజ రంగుల్లో గర్జిస్తున్న పులి బొమ్మ. రెబోలో పేటలో ఆ పులిని ఎరగని మనిషి లేడు. ఇప్పుడు దానికి ఎడమ కన్ను లేదు, దవడ లేదు. ఆ బొక్కలోంచి లోపలి స్పీకర్ అట్ట నల్లగా వేలాడుతోంది.

"జనం ఏమంటున్నారో విన్నావా అల్లుడూ?"

"విన్నాను."

"మేస్త్రీ పెట్టిన టంకం ఊడిపోయిందంటున్నారు. మేస్త్రీకి చూపు ఆనడం లేదంటున్నారు. ఎదురింటి ఓబ్దులియా అయితే, మేస్త్రీ తాగి అతికించాడంటోంది."

"నేను తాగి పదకొండేళ్ళయింది. ఆవిడ తాగి ఎన్ని గంటలయిందో కనుక్కోండి."

విల్మాన్‌కి నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదిలింది. మూలిగి ఊరుకున్నాడు.

ముసలామె నవ్వలేదు. "చూడల్లుడూ. కార్నివాల్ పన్నెండు రోజుల్లో పడింది. పులిని ఇంకొకరి చేతిలో పెట్టాలంటే ఇవాళే పెట్టాలి. పక్క పేట మేస్త్రీ హెనారో కబురు పెట్టాడు, పిలిస్తే వస్తానని. తప్పు నీ చేతిదైతే పీకో సామాన్ల గది తాళంచెవి ఇలా ఈ బల్ల మీద పెట్టు. ఇంట్లో ఉండు. తిను. పడుకో. నా కూతురి మొగుడివి, కాదనను. పులిని మాత్రం ముట్టుకోకు."

ఎలియేసర్ చెయ్యి నడుము దగ్గర తాళంచెవి మీదికి దానంతటదే పోయింది.

నాలుగో తరగతి మధ్యలో బడి మాన్పించి, రేవులో బస్తాలు మొయ్యడానికి తీసుకుపోయాడు అతని తండ్రి. ఆ తర్వాత ఈ లోకంలో ఎవరూ అతన్ని ఏ విషయంలోనూ నీ అభిప్రాయం ఏమిటని అడిగిన పాపాన పోలేదు. ఓటు వెయ్యమని అడిగారు, పక్కకి తప్పుకోమని అడిగారు. ఒక్క మామగారే టంకపు కాడ చేతిలో పెట్టి, నీ చెయ్యి వణకదురా అన్నాడు. ఆ మాట మీదే ఇన్నేళ్ళు బతికాడు. మేస్త్రీ అని పిలిచేది అతన్ని కాదు, ఆ చేతిని. చేతిలో తప్పుందని తేలితే మిగిలేది యాభై మూడేళ్ళ ఇల్లరికపు మనిషి ఒకడు.

"టంకం ఊడలేదు," అన్నాడు.

"నువ్వలాగే అంటావు," అన్నాడు విల్మాన్. "నాకు కోపం లేదు బావా. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి జారుతుంది. ఒప్పుకుంటే అయిపోయె."

"నీ చెయ్యి జారుతుందేమో. పరాయివాళ్ళ పెళ్ళాల మీద."

"ఇద్దరూ నోరు ముయ్యండి," అంది ముసలామె.

ఎలియేసర్ వైరుని దగ్గరికి లాక్కున్నాడు. కాలిన వైపు కాదు, రెండో కొన. పిన్ను మూత తిప్పి ఊడదీశాడు. లోపల టంకం పెట్టింది పెట్టినట్టే ఉంది, చుక్క చెదరలేదు. అత్తగారి మొహం ముందు పెట్టాడు.

"చూడండి. ఇది ఊడిందా?"

ఆమె కళ్ళు చిట్లించి చూసింది. వేలితో లాగి చూసింది. రాలేదు.

"ఊడలేదు," అంది, అయిష్టంగానే. "మరెందుకు కాలింది?"

అతనికీ అదే తెలియాలి. జేబులోంచి చాకు తీసి వైరుని కొన దగ్గర జానెడు చీల్చాడు. ఎర్రటి పోగులు బయటపడ్డాయి. చూడ్డానికి రాగే. నిగనిగలాడుతోంది. అందులోంచి ఒక్క పోగు వేరు చేసి బొటనవేలి గోరు మీద పెట్టి చాకు మొనతో నెమ్మదిగా గీశాడు.

ఎరుపు లేచిపోయింది. పెళ్ళికూతురి బుగ్గ మీద రంగు లేచిపోయినట్టు లేచిపోయింది. కింద తెల్లగా ఉంది.

అతను మళ్ళీ గీశాడు. ఇంకో పోగు తీసి గీశాడు. ఇంకోటి. అన్నీ తెలుపే.

"ఏంటది?" అంది ముసలామె.

ఎలియేసర్ పోగుని వెలుగుకి ఎత్తి చూశాడు.

"ఏంటయ్యా అది?"

"సత్తు."

"సత్తేంటి?"

"మీరు అన్నం వండే గిన్నె, అత్తా. అదే సత్తు. దాన్ని పోగులు తీసి పైన రాగి పూశారు. ఇది రాగి వైరు కాదు. దొంగ సరుకు."

వంటగదిలో నూనె చిటపటమంటోంది. ఎలియేసర్ భార్య నూబియా పొయ్యి ముందు వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. ఇంత గొడవలో ఆమె ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

"ఎర్రగానే ఉంది కదా," అన్నాడు విల్మాన్, నమ్మలేక.

"ఎర్రగా ఉన్నదల్లా రాగేనా? ఇలా రా."

ఎలియేసర్ లేచి వంటగదిలోకి నడిచాడు. అందరూ వెనక వచ్చారు. నూబియా మొహం తిప్పుకుని పక్కకి జరిగింది. అతను రెండో పొయ్యి వెలిగించి, పనిముట్ల డబ్బాలోంచి మామగారి కాలం నాటి పాత వైరు పోగు ఒకటి తీశాడు. పట్టకారుతో మంటలో పెట్టాడు. ఎర్రగా కాలింది. ఇంకా ఎర్రగా కాలింది. నిటారుగా నిలబడింది.

"ఇది రాగి."

తర్వాత బల్ల మీది వైరు పోగు పెట్టాడు. అది ఒక్క క్షణం నిలిచి, వడలిన కాడలా వంగిపోయి, కొసన చిన్న పూసలా ముడుచుకుని పొయ్యి మీద రాలింది.

దోన్యా పెత్రోనా శిలువ గీసుకుంది.

అతను తొడుగు ముక్క అంటించాడు. మంట పక్కకి తీసినా అది ఆరలేదు. నల్లటి పొగ కక్కుతూ, బొట్లు బొట్లుగా కారుతూ మండుతూనే ఉంది. నిన్నటి వాసన, అదే వాసన, ఇల్లంతా నిండింది. పాత తొడుగు అంటిస్తే మంట తియ్యగానే చచ్చిపోయింది.

"చేతులు చాపండి అత్తా. కళ్ళు మూసుకోండి."

ఆమె చిన్నపిల్లలా మూసుకుంది. ఒక చేతిలో పాత వైరు మూరెడు, రెండో చేతిలో ఇది మూరెడు పెట్టాడు.

"ఏది బరువు?"

"ఇది." పాతదున్న చెయ్యి కిందికి దిగింది. కళ్ళు తెరిచి రెండో చేతి వైపు చూసింది. "ఇందులో ఏమీ లేదు కదరా! గడ్డిపరకలా ఉంది!"

"ఆ గడ్డిపరక మీద అంత పెద్ద పులిని అరవమన్నాం. వేడెక్కక ఏంచేస్తుంది? తొడుగు కరిగింది, పోగూ పోగూ తగులుకుంది, మంటొచ్చింది. వీడు మెదడు లేకుండా వట్టి చేత్తో పట్టుకు లాగాడు."

"పట్టుకు లాగకపోతే మొత్తం పెట్టె పోయేది బావా," అన్నాడు విల్మాన్ నెమ్మదిగా.

ఎలియేసర్ పొయ్యి కట్టేశాడు. వాడన్నది నిజమే.

ముసలామె పొయ్యి పక్క స్టూలు మీద కూలబడింది. "ఇలాంటిది కూడా ఉంటుందా? వైరులో దొంగ వైరు?"

"ఉంటుంది. కార్తహేనా ఊళ్ళో ఇద్దరి యాంప్లిఫయర్లు ఇలాగే కాలాయని మొన్న చెప్పారు. ఫోన్లో అమ్ముతారు. కొట్టు ధరలో మూడో వంతుకే ఇస్తారు. పైన పెద్ద కంపెనీ పేరు అచ్చేస్తారు. పిన్నులు కూడా అచ్చం అలాగే చేస్తారు. చూడ్డం తెలిసినవాడికి దొరికిపోతారట. అచ్చు వంకరగా ఉంటుందట. మీటరు మీటరుకీ వేసే అంకె వరసగా ఉండదట. పది తర్వాత పది, మళ్ళీ పది. సిగ్గులేని వెధవలు, లెక్కపెట్టే ఓపిక కూడా లేదు."

"అయితే చూడు. దీని మీద ఏముందో చూడు."

ఎలియేసర్ వైరుని వెలుగులోకి తిప్పాడు. చూడ్డానికేమీ లేదు. అక్షరాలుండాల్సిన చోట, పొడవునా, బూడిదరంగు గరుకు చార.

"గీకేశాం కదా," అన్నాడు.

ఆ ఇంటి పద్ధతి అది. మామగారు ఓడ కళాసుల దగ్గర కొన్న రికార్డుల మీద పాట పేరూ పాడినవాడి పేరూ బ్లేడుతో గీకేసేవాడు. పక్క పీకోవాళ్ళు మనిషిని పంపి, వంగి చూసి, అదే రికార్డు తెచ్చుకోకుండా. తర్వాత స్పీకర్ల మీద గీకారు. తర్వాత వైర్ల మీద. చెవిటి పులి గొంతుకి కారణం ఏమిటో పేటలో ఎవడికీ తెలియకూడదు. కొత్త వైరు చుట్ట ఇంట్లోకి రాగానే ఎలియేసర్ చేసే మొదటి పని గరుకు కాగితం అందుకోవడమే.

"మంచిదే," అంది ముసలామె. "గీకడంలో తప్పులేదు. మా ఆయన పెట్టిన పద్ధతి. నాకు కావలసింది ఒకటే. కొన్నదెవరు?"

ఎలియేసర్ విల్మాన్ వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి కడుపులో అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకొచ్చింది.

"ఎవరు కొంటారు? ఈ ఇంట్లో ఫోన్లో చొక్కాలు కొనేదెవరు? చెప్పులు కొనేదెవరు? మొన్న అద్దం కొంటే పగిలొచ్చింది, అది కొన్నదెవరు? రెండేళ్ళు కాలేజీ మొహం చూసొచ్చి, నాకు కొత్త పద్ధతులు నేర్పుతానన్నదెవరు?"

"నేను కొనలేదు బావా."

"లేదు, ఆకాశంలోంచి ఊడిపడింది!"

"మా నాన్న ఆత్మ మీద ఒట్టు. వైరు నేను కొనలేదు. నాకు వైరు గురించి ఏం తెలుసు? నువ్వు ముట్టుకోనిస్తే కదా!"

"ఆత్మ మీద ఒట్టెయ్యకురా కొడకా," అంది పెత్రోనా. గొంతు మారిపోయింది. "మీ నాన్న గుడ్డ మీద గీయించిన పులిరా అది. పైసలు మిగుల్చుకుని ఏం చేశావు? బీరు తాగావా?"

"అమ్మా!"

"ఎలీ." అది నూబియా గొంతు. పొయ్యి కట్టేసింది. "ఒకసారి గదిలోకి రా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

పడకగదిలో ఆమె తలుపు దగ్గరగా వేసింది. అట్లకాడ ఇంకా చేతిలోనే ఉంది.

"వాణ్ణి వదిలెయ్. నేను కొన్నాను."

ఎలియేసర్‌కి అర్థం కాలేదు. మాటలు విన్నాడు, అర్థం మాత్రం ఎక్కడో తలుపు బయటే ఆగిపోయింది.

"ఏం కొన్నావు?"

"వైరు. చుట్ట మొత్తం. పిన్నులు కూడా. నవంబరులో. ఫోన్లో."

"కొట్టు నుంచి తెచ్చానన్నావు."

"కొట్టుకి నువ్వెళ్ళవు. కొట్టాయన అందరి ముందూ నిన్ను బడి లేని పంతులన్నాడని నాలుగేళ్ళుగా ఆ గడప తొక్కవు. నన్ను పంపిస్తావు. వెళ్ళిన ప్రతిసారీ ఆయన, మీ పండితుడు కులాసానా అమ్మా అంటాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వుతారు. నవ్వించుకుని, డబ్బులిచ్చి, వైరు మోసుకుని రావాలి. విసుగొచ్చింది ఎలీ. ఫోన్లో చూస్తే అదే పేరు, అదే బొమ్మ, మూడో వంతు ధర. కొన్నాను. మిగిలినదాంతో ఫ్రిజ్ బాగుచేయించాను. రోజూ చల్లటి నీళ్ళు తాగుతున్నావుగా, అదే."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"చుట్ట నీ చేతికిచ్చిన రోజున. దీని మీద అచ్చు ఎప్పటిలా లేదు, అంకెలు ఏదోలా ఉన్నాయి, ఒకసారి చూడు అన్నాను. ఏమన్నావో గుర్తుందా?"

అతనికి గుర్తులేదు. తర్వాత గుర్తొచ్చింది.

"నాకు చదవడం నేర్పకు అన్నావు," అంది నూబియా. "గరుకు కాగితం తీసుకుని మొత్తం గీకేశావు. నా ఎదురుగానే. కోపంగా. అవసరం ఉన్నదానికంటే ఎక్కువ గీకావు."

కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. జనవరి గాలి. ఎలియేసర్ మంచం అంచు మీద కూర్చున్నాడు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. అది ఆమెకి తెలియదు. ఎవరికీ తెలియదు. టంకం పెడుతున్నప్పుడు పోగులు ఎప్పటిలా లేవు. చేతికి తేలిగ్గా తగిలాయి. వంచితే పెళుసుగా విరిగాయి. చాకుతో తొడుగు తీసేటప్పుడు రెండు మూడు పోగులు తెగిపోయాయి. చెయ్యి ఆగింది. ఒక్క క్షణం ఆగింది. గాలిలో చెమ్మ ఎక్కువైందనుకున్నాడు. చేతికి తెలిసింది. ఆ చేతిని నమ్ముకుని బతికినవాడే, ఆ రోజు దాని మాట వినలేదు.

"ఆ చుట్టలో ఇంకా ఎంతుంది?" అన్నాడు.

"ఏమీ లేదు. మిగిలిందంతా నువ్వే చర్చి పెరట్లో స్పీకర్లకి వైర్లు చేసిచ్చావు కదా. కుంబియా నాట్యం ఆడేవాళ్ళకి. ఊరికే చేసిస్తానని మాటిచ్చి."

అతను తలెత్తాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చర్చి పెరట్లో రోజూ సాయంత్రం నాలుక్కి పేట ఆడవాళ్ళు కార్నివాల్‌కి సాధన చేస్తున్నారు. దుమ్ము లేవకుండా నేల తడుపుతారు. వట్టి కాళ్ళతో ఆడతారు. ఆ వైర్లు ఆ తడి నేల మీదుగానే పోతాయి.

"నాలుక్కి కదా," అన్నాడు ఎలియేసర్. "ఇంకా పదిన్నర కూడా కాలేదు. రెండింటికల్లా నేనే వెళ్ళి మార్చేస్తాను. పాత వైర్లున్నాయి. ఎవరికీ తెలియక్కర్లేదు."

"మరి విల్మాన్?"

"వాడికి రేపు చెబుతాను."

"ఎలీ."

"రేపు చెబుతానన్నానా! కార్నివాల్ అయ్యాక మీ అమ్మకి కూడా చెబుతాను. ఇవాళ చెబితే తాళంచెవి హెనారో నడుముకి వేలాడుతుంది. కార్నివాల్ రోజుల్లో నేనెక్కడ కూర్చోను? నీ ఫ్రిజ్ ముందా?"

నూబియా అట్లకాడ వైపు చూసింది. దాని అంచున నూనె బొట్టు గట్టిపడింది. తలుపు తీసింది.

హాల్లో విల్మాన్ నిలబడి ఉన్నాడు. ముసలామె అరుస్తోంది. కొడుకు పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టింది. బాప్తిస్మం నాడు కూడా ఫాదరీ గారి కళ్ళజోడు లాగాడట.

"బావా," అన్నాడు విల్మాన్, ఎలియేసర్‌ని చూడగానే. మాటలో ఎకసెక్కం లేదు, బతిమాలుతున్నాడు. "నువ్వే చెప్పు. నేను కొన్నానని నీకు నిజంగా తెలుసా? ఊరికే అన్నావా? అమ్మ నా మాట నమ్మదు. నువ్వు చెబితే నమ్ముతుంది."

నూబియా ఎలియేసర్ వెనకే నిలబడి ఉంది. ఆమె ఊపిరి అతని మెడకి తగులుతోంది.

ఎలియేసర్ బల్ల మీది వైరు చూశాడు. పళ్ళెంలో జున్ను చూశాడు. విల్మాన్ కట్టు చూశాడు. కట్టు మధ్యలో పసుపుపచ్చగా తడి ఊరుతోంది.

"నేనేం చెప్పను?" అన్నాడు.

అంతే అన్నాడు. అబద్ధం చెప్పలేదని తర్వాత తనకి తాను చెప్పుకోవచ్చు.

విల్మాన్ అలాగే చూస్తూ నిలబడ్డాడు. అతని మొహంలోంచి కోపం పోయి అంతకంటే చెడ్డది ఏదో వచ్చింది.

"సరే," అన్నాడు. "చెయ్యి కాలింది నాది. దొంగనీ నేనే. ఇంకా ఏమైనా మిగిలితే అది కూడా నా నెత్తిన పెట్టండి. ఈ ఇంట్లో కాకపోయినా నాకు ఇంత కాఫీ పోసేవాళ్ళు పేటలో ఉన్నారు."

టోపీ, రికార్డుల సంచి ఎడంచేత్తో తీసుకుని వెళ్ళిపోయాడు. వీధి తలుపు వెయ్యకుండానే.

"పోనీ," అంది ముసలామె. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఎలియేసర్ దగ్గరికొచ్చి అతని కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇరవయ్యారేళ్ళలో ఆమె అతన్ని అలా ముట్టుకోలేదు. "ముసలిదాన్ని. నోరు జారాను. ఈ చేతిని అనుమానించాను. మీ మామ ఉంటే నన్ను కొట్టేవాడు."

"వదిలెయ్యండి అత్తా."

"ఎందుకు వదుల్తాను? వీధిలో పోయిన పరువు వీధిలోనే రావాలి."

ఆమె వీధిగుమ్మంలో నిలబడింది. గొంతు ఎత్తింది. పీకో ఇంటి గొంతు కదా, దానికి స్పీకర్ అక్కర్లేదు.

"ఓబ్దులియా! బయటికి రావే! మా అల్లుడు తాగి అతికించాడన్నావుగా! వినండర్రా అందరూ! వైరు దొంగది! లోపల సత్తు! టంకం చుక్క చెదరలేదు! మా మేస్త్రీ చెయ్యి ముత్యంరా, ముత్యం!"

కిటికీలు తెరుచుకుంటున్న చప్పుడు. ఎవరో ఏదో అడిగారు. ఆమె మొత్తం మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది: గోరు మీద గీసింది, పొయ్యిలో పెట్టింది, చేతుల్లో తూచింది.

ఎలియేసర్ బల్ల దగ్గర కూర్చుని జున్ను ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. నమిలాడు. నూబియా గోడకి ఆనుకుని అతన్నే చూస్తోంది. ఎంతసేపలా ఉన్నారో తెలియదు. గుమ్మం దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరారు. వాళ్ళు లోపలికి తొంగి చూసి అతనికి చెయ్యి ఊపారు. అతను కూడా ఊపాడు.

అప్పుడు గాలి వాలుకి పాట వచ్చింది.

ముందు అకార్డియన్ ఒక్కటే, దూరంగా, సన్నగా. తర్వాత డోళ్ళు. పాత రికార్డు. పేరు గీకేసినది. విల్మాన్ ఎక్కడ కూర్చున్నా మొదట వేసే రికార్డు అదే.

ఎలియేసర్ నోరు నమలడం ఆపేసింది.

"ఎక్కడిదది?" అన్నాడు.

"చర్చి పెరట్లోంచి," అంది గుమ్మంలోంచి ఓబ్దులియా. "సాయంత్రం అక్కడ ఎవరిదో పెళ్ళని ఫాదరీ గారు చెప్పారట. అందుకని ఇవాళ సాధన పొద్దున్నే. మీ విల్మాన్ ఇప్పుడే అటు వెళ్ళాడు. పాపం, ఎడంచేత్తోనే వేస్తాను పదండన్నాడు."

కుర్చీ వెనక్కి పడింది. ఎలియేసర్ ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు.

"ఆపమనండి!"

"ఏమైంది?" అంది పెత్రోనా.

"ఆపమనండి దాన్ని! ఎవరైనా పరుగెత్తండి! అక్కడున్నవి కూడా అవే వైర్లు! అదే చుట్ట! నేను చేసినవే!"

ఆడవాళ్ళు బొమ్మల్లా నిలబడిపోయారు. ఇద్దరు తేరుకుని లంగాలు ఎత్తిపట్టుకుని పరుగెత్తారు. నూబియా అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది.

ముసలామె మాత్రం కదల్లేదు. గుమ్మంలో దారికి అడ్డంగా నిలబడి, అల్లుడి మొహంలోకి చూస్తోంది.

"విల్మాన్ కొన్నాడన్నావు."

"కొనలేదు. వాడికేం తెలీదు. చుట్ట నా చేతికే వచ్చింది. అక్షరాలు చూడమన్నారు, చూడలేదు. గీకేశాను. నేనే."

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

పాట ఊపందుకుంది. విల్మాన్ చప్పుడు పెంచాడు. కోపంగా ఉన్నప్పుడు ఎప్పుడూ పెంచుతాడు. డోళ్ళ దెబ్బకి బల్ల మీది పళ్ళేలు సన్నగా వణికాయి.

"అల్లుడూ. నిన్నే. ఎప్పుడు తెలిసింది?"

"వాడు నన్నడిగినప్పుడు," అన్నాడు ఎలియేసర్. "వాడు నన్ను చెప్పమని అడిగినప్పుడు నాకు తెలుసు."

ఆమె ఏదో అనబోయింది.

పాట ఆగిపోయింది.

చివరికి వచ్చి ఆగలేదు. పాడేవాడి గొంతు ఒక మాట మధ్యలో ఉండగా తెగిపోయింది. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ లేదు. వీధిలో కుక్క కూడా అరవలేదు.

"పరుగెత్తినవాళ్ళు ఇంకా మలుపు కూడా తిరగలేదు," అంది ఓబ్దులియా చిన్నగా. "మరి ఆపిందెవరు?"

నూబియా ఫోను చెవి నుంచి దించి దాని చప్పుడు పెంచింది. అందులోంచి, అవతల విల్మాన్ జేబులో మోగుతున్న చప్పుడు అందరికీ వినబడుతోంది. మోగుతోంది. ఇంకా మోగుతూనే ఉంది.